శనివారం చెడిపోయే ల్యాప్‌టాప్

“అన్నా, గా లైట్లు వెలిగేది చూపియ్యి.”

ఖమ్మం బస్టాండు దగ్గరి కంప్యూటర్ల షాపులో అడుగుపెట్టిన అర నిమిషానికే సోని మనసు పారేసుకుంది. మనిషి మీద కాదు లెండి, ఇంకా అంత దూరం రాలేదు. అద్దాల అరలో, మీటల కింద ఎరుపూ నీలమూ వెలుగుతున్న ల్యాప్‌టాప్ మీద. ఇంజనీరింగ్ సీటు వచ్చింది, సోమవారం నుంచి క్లాసులు. కారేపల్లి అవతల వాళ్ల తండాలో ల్యాప్‌టాప్ పట్టుకుని హాస్టల్‌కు పోబోయే మొదటి ఆడపిల్ల తనే. ఆ మాత్రం లైట్లు ఉండొద్దూ?

కౌంటరు వెనక ఉన్న కుర్రాడు మాత్రం అద్దం తెరవలేదు.

“మీ ఊళ్లె కరెంటు ఎట్లుంటది?”

“నేను ల్యాప్‌టాప్ అడిగితే నువ్వు కరెంటు అడుగుతవేంది?”

“చెప్పు ముందు.”

“మొగులైతే పోతది. వాన వెలిసినా రాదు.”

“అయితే గిది వద్దు. బ్యాటరీ రెండు గంటలు ఆగది. మోసుకపోవుడు సుత కష్టమే, ఛార్జరే ఇటుకంత ఉంటది. ఆటలాడేటోళ్లకు చేసిన్రు దీన్ని. గా లైట్లేమన్న నీకు పరీక్ష రాస్తయా?”

“నువ్వు అమ్మేటోనివా, వద్దని పంపేటోనివా?”

“మంచిదైతే అమ్ముత. కాకపోతే పంపుత.”

అబ్బో! సోనికి ఒళ్లు మండింది. తండాలో ఆమెకు ఎదురు చెప్పిన వాడు ఇంతవరకు పుట్టలేదు, పుట్టినా పక్క తండాకు పోయి బతుకుతున్నాడు. ఈ ఎదురుమాటల మనిషి పేరు శ్రీశైలం. ఇల్లందు బొగ్గు బావిలో పనిచేసే ఆయన కొడుకు. పాలిటెక్నిక్ చదివి, రెండేళ్లుగా ఇక్కడ రిపేర్లూ అమ్మకాలూ చూస్తున్నాడు. షాపు యజమాని ఆదినారాయణది మధిర. “మావాడి చేతిలో పనుందండీ, నోట్లో వ్యాపారమే లేదు,” అని వచ్చిన వాళ్లందరికీ నవ్వుతూ చెబుతుంటాడు.

అప్పటిదాకా మాట్లాడకుండా నిలబడ్డ సోని తండ్రి ధన్‌సింగ్ తలపాగా సర్దుకున్నాడు. ఇరవై ఏళ్లుగా మిర్చి పండించి ఖమ్మం మార్కెట్టుకు తోలుతున్న మనిషి.

“అయితే ఏది మంచిదో నువ్వే చూపియ్యి పిల్లగా.”

శ్రీశైలం నల్లటి, ఏ సోకూ లేని ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి పెట్టాడు. “ఏదో పెద్ద ఆఫీసుల కొన్నాళ్లు వాడి ఇచ్చిన్రు. కొత్తదానిల సగం ధరే. నేనే విప్పి, బ్యాటరీ మార్చి, సాఫ్ చేసిన.”

“విప్పు,” అన్నాడు ధన్‌సింగ్.

“ఆఁ?”

“మా మిర్చి కొనేటోళ్లు పై బస్తా చూసి కొంటరా? అడుగు బస్తా కోసి, లోపలికెల్లి పిడికెడు తీసి చూస్తరు. పైనంతా ఎర్రగనే ఉంటది. నేను సుత అడుగు చూస్త.”

ఆదినారాయణ నోరు తెరిచాడు. శ్రీశైలం మాత్రం స్క్రూడ్రైవర్ తీశాడు. ఏడు మరలు విప్పి, వెనక మూత ఎత్తి, ఇది ఫ్యాను, ఇది బ్యాటరీ, ఇది మెమరీ అని ఒక్కొక్కటీ ఓపికగా చూపించాడు. ధన్‌సింగ్ వంగి వాసన చూశాడు.

“తేమ లేదు కద?”

“లేదు పెద్దనాయనా.”

ఆ మాటతో సోనికి నవ్వు ఆగలేదు. ఆమెను చూసి అతనికీ ఆగలేదు. నవ్వితే వాడి ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. ఇదిగో, ఆ సొట్ట దగ్గరే వచ్చింది అసలు చిక్కు.

“నాలుగేండ్లు చెడిపోదు,” అన్నాడు శ్రీశైలం. “నాది గ్యారంటీ.”

చెడిపోలేదు. అదే సోని కర్మ. మొదటి వారమంతా పొద్దున నొక్కితే టక్కున వెలిగింది, రాత్రి మూస్తే బుద్ధిగా పడుకుంది. హాస్టల్‌లో మిగతా పిల్లల ల్యాప్‌టాప్‌లు మొరాయిస్తున్నాయి, వేడెక్కుతున్నాయి, షాపులకు పోతున్నాయి. ఈ మొండిది మాత్రం ఉలకదు, పలకదు. చెడిపోకపోతే షాపుకు పోయేదెట్లా?

కాలేజీ ఖమ్మంలోనే, శనివారం ఒంటిపూట. రెండు గంటలకల్లా సోని కౌంటరు ముందుంది.

“ఇగో, ఫ్యాను సప్పుడు చేస్తుంది.”

శ్రీశైలం చెవి ఆనించి పది నిమిషాలు విన్నాడు. “ఏం లేదే?”

“నువ్వున్నవని భయపడ్డది గావచ్చు.”

రెండో శనివారం స్క్రీను దానంతటదే ఆరిపోయిందట. షాపులో మాత్రం గంటసేపు నిక్షేపంగా వెలిగింది. ఆ గంటలో శ్రీశైలం వాళ్ల నాన్న నైట్ షిఫ్టు గురించీ, సోని లెక్కల సార్ తిట్ల గురించీ మాట్లాడుకున్నారు. బయట వాన దంచుతుంటే, వెలిసేదాకా ఉండమని ఆమెకు కుర్చీ వేశాడు. వాన వెలిసింది. ఆ సంగతి ఇద్దరూ చూడనట్టే ఊరుకున్నారు.

మూడో శనివారం వైఫై.

“ఏంది, ఎప్పుడూ శనివారమే చెడిపోతదా?” శ్రీశైలం నుదురు రుద్దుకున్నాడు.

“దానికి శని పట్టింది.”

సోని నవ్వింది. అతను నవ్వలేదు. మళ్లీ ఏడు మరలూ విప్పుతూ కూర్చున్నాడు. కళ్ల కింద నలుపు ఉంది. అది చూసి కూడా పిల్లకు తట్టలేదు. ప్రేమలో పడ్డవాళ్లకు ఎదుటివాడి బుగ్గ మీద సొట్ట కనబడినంతగా కళ్ల కింద నలుపు కనబడదు కదా!

నాలుగో శనివారం ‘స్పీకరు గరగర’ అనే కొత్త రోగం కనిపెట్టుకుని, జడలో కనకాంబరాలు కూడా తురుముకుని షాపులోకి వచ్చింది సోని. కౌంటరు ముందు తండ్రి కూర్చుని ఉన్నాడు.

“బాపూ! నువ్వెట్లొచ్చినవ్?”

“ఈ సేటు ఫోన్ చేసిండు. నీ ల్యాప్‌టాప్ వాపస్ తీసుకుంటడట.”

“అవునమ్మా,” ఆదినారాయణ గొంతులో ఎప్పటి నవ్వు లేదు. “మూడు వారాలు, మూడు కంప్లయింట్లు. నాలుగోది నీ చేతిలోనే ఉంది. మావాడు గ్యారంటీ ఇచ్చి అమ్మిన సరుకు. బజార్లో షాపు పేరు పోతుంది. వద్దులే, నీకు కొత్తది ఇస్తాను. ఇతన్ని నెలాఖరుకు వేరే పని చూసుకోమన్నాను.”

ధన్‌సింగ్ లేచాడు. కోపం వస్తే ఆయన లంబాడీలోకి దిగుతాడు. నాలుగు మాటలు అందులో అనేసి, ఎదుటివాడికి అర్థం కాలేదని తెలుగులో మొదలుపెట్టాడు.

“అడుగు బస్తా చూపించి సుత మోసం చేస్తవా పిల్లగా? నా బిడ్డ సదువు గీ డబ్బా మీదుంది!”

శ్రీశైలం తల వంచుకున్నాడు. “తప్పు నాదే పెద్దనాయనా. మూడుసార్లు విప్పిన, తప్పు దొరకలే. నా చేతుల పనుందనుకున్న. లేదు గావచ్చు.”

ఆ ఒక్క మాట విని సోని చేతిలోని ల్యాప్‌టాప్ కౌంటరు మీద పెట్టేసింది. తన సరదా ఒక మనిషి ఉద్యోగం తీసేదాకా వచ్చింది. అంతకంటే ఘోరం, వాడు తన చేతులను తానే నమ్మడం మానేశాడు. మాట్లాడకుండా ఊరుకుంటే కొత్త ల్యాప్‌టాప్ వస్తుంది, పరువు దక్కుతుంది. నోరు తెరిస్తే బాపు ముందు, అందరి ముందు, పరువు గంగలో కలుస్తుంది.

నోరు తెరిచింది.

“ల్యాప్‌టాప్‌కు ఏం కాలే.”

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

“ఫ్యాను సప్పుడు లేదు. స్క్రీను ఆరలే. వైఫై మా హాస్టల్ల అందరికంటె నాకే మంచిగొస్తది. అన్నీ అబద్ధాలు. నేనే చెప్పిన.”

“ఎందుకే?” ధన్‌సింగ్ గొంతు తగ్గింది.

“అది చెడిపోకపోతే నేను ఈడికి ఎట్ల రావాలె?”

శ్రీశైలం చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడి దొర్లుకుంటూ ఆదినారాయణ చెప్పు దగ్గర ఆగింది. ఆయన దాన్ని తీసి, తుడిచి, శ్రీశైలం చేతిలో పెట్టాడు. “నెలాఖరు మాట మరిచిపోవయ్యా,” అని, ఎందుకో గబగబా లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. నవ్వడానికే అయ్యుంటుంది.

“కనీసం బ్యాటరీ అన్న చెడిపోయిందా…” అన్నాడు శ్రీశైలం నీరసంగా.

“నీకంటె మంచిగుంది.” సోని కళ్లు తుడుచుకుంది. “మాఫ్ చెయ్యి. నీ చేతులల్ల పనుంది.”

అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుని, “ఆఖరి చెకింగ్,” అని ఏదో టకటకా కొట్టాడు. మూసి, ఆమె చేతికి కాకుండా ధన్‌సింగ్ చేతికి ఇచ్చాడు. “సదువుకు ఢోకా లేదు పెద్దనాయనా. ఇది చెడిపోదు.”

బస్టాండులో చెరుకు రసం బండి దగ్గర ఆగారు. “అన్నా, రెండు గ్లాసులు,” అంది సోని.

ధన్‌సింగ్ గ్లాసు సగం తాగాక నోరు విప్పాడు. “ఇందాక రోడ్డు దాటంగ ఆటోవాన్ని అన్నా అన్నవ్. ఈన్ని అన్నా అన్నవ్. మొదటి రోజు గా షాపు పిల్లగాన్ని సుత అన్నా అన్నవ్. ఇయ్యాల ఒక్కపారి అనలే.”

సోని గ్లాసులోకి చూసింది. అందులో ఐసు తప్ప దాక్కునే చోటేమీ లేదు.

“సదువు ఎట్లుంది?”

“మొన్నటి పరీక్షల క్లాసుల రెండోదాన్ని బాపూ. ఒట్టు.”

“ఊఁ,” అన్నాడు ధన్‌సింగ్. కారేపల్లి బస్సు ఎక్కి, కిటికీలోంచి కూడా ఇంకో మాట అనలేదు. ఆ ‘ఊఁ’ ఎటు తిరుగుతుందో తెలియక సోని వారమంతా సరిగ్గా అన్నం తినలేదు.

శనివారం రెండు గంటలకు హాస్టల్ గదిలో కూర్చుని, పోనా వద్దా అని గోళ్లు కొరుక్కుంటుంటే స్క్రీను మీద చిన్న డబ్బా ఒకటి టింగుమని లేచింది.

‘ఈ ల్యాప్‌టాప్‌కు ఏం కాలేదు. అయినా తీసుకురా. ప్రతి శనివారం రెండు గంటలకు సర్వీసింగ్.’

ఆఖరి చెకింగ్ అంటే ఇదా, దొంగ! సోని ఎగిరి గంతేసేలోపు ఫోన్ మోగింది. బాపు.

“బిడ్డా, నేను బస్సుల ఉన్న, ఖమ్మం వస్తున్న. నా ఫోన్ చెడిపోయింది. గా పిల్లగానికి చూపిద్దామని.”

“ఫోన్ చూపిస్తవా బాపూ, లేకుంటె…”

“సాయంత్రం దాకా ఆడనే కూసుంట. మనిషిని సుత అడుగుదాకా చూడాలె కద. పైనంతా ఎర్రగనే ఉంటది. నీ సదువు అయ్యేదాకా నాలుగేండ్లు చూస్త. ఏం తొందర?”

సోనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“అంతా మంచిగనే ఉంది గానీ బాపూ, ఫోన్ చెడిపోతే ఇప్పుడు దేంట్లకెల్లి మాట్లాడుతున్నవ్?”

అవతల బస్సు చప్పుడులో చిన్న దగ్గు వినిపించింది.

“శనివారమే చెడిపోతది బిడ్డా,” అన్నాడు ధన్‌సింగ్. “మనింట్ల వస్తువులన్నీ గంతే.”