ఎవరో పెద్దాయన

ఊరి నడిబొడ్డున ఉన్నా, ఆ పార్కులో నాలుగడుగులు వేస్తే హారన్ల మోత వినబడదు. చెట్లు అంత దట్టంగా ఉంటాయి. లెక్కల టీచరు రోజూ బడి అయ్యాక వాళ్ల నాన్నను అక్కడికే తీసుకొచ్చేది. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఈమధ్య మతిమరుపు బాగా ముదిరింది. బెంచీ మీద కూర్చుని చెట్లను చూస్తున్నంతసేపు మాత్రం ఆయన మనసు కుదుటపడేది. ఆమెకూ ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. నాన్న ఉన్నట్టుండి లేచి, నడకకు వచ్చినవాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"జరగాలి, జరగాలి! ముందంతా ఖాళీయే! ఫుట్‌బోర్డు మీద ఎవరూ ఉండొద్దు!"

కొందరు ఆగి నవ్వారు. సరిగ్గా అప్పుడే వాళ్ల బడి హెడ్‌మాస్టరమ్మ ఎదురొచ్చింది.

"ఎవరండీ ఈయన? మీకు తెలిసినవాళ్లా?"

టీచరుకు తల కొట్టేసినట్టయింది. "లేదు మేడం. ఎవరో పెద్దాయన... పాపం."

మాట నోరు దాటాక చూసింది. నాన్న వింటున్నాడు. అరవడం ఆపేశాడు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా తలొంచుకుని బెంచీ వైపు వెళ్లిపోయాడు.

ఆమె మేడంతో పాటు గేటుదాకా నడిచింది. నవ్వుతూ ఏదేదో మాట్లాడింది కూడా. ఒక్కో అడుగుకీ తనమీద తనకే రోత పుట్టింది. ఆవిడ కారెక్కగానే పరుగున వెనక్కి వచ్చింది.

బెంచీ ఖాళీగా ఉంది.

చీకటి ముసురుకుంటోంది. దీపాలింకా వెలగలేదు. తడి మట్టి వాసన, దాని అడుగున కుళ్లిన ఆకుల వాసన. అంతవరకూ గోల చేస్తున్న పక్షులన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.

"నాన్నా!"

"నాన్నా..." చెట్లలోంచి తిరిగి వినిపించింది.

తన గొంతే. ప్రతిధ్వని అనుకుంది. మళ్లీ పిలవడానికి నోరు తెరిచింది. ఇంకా పిలవనే లేదు...

"నాన్నా... రా. ఇటు."

గొంతు వచ్చిన వైపు ఉరికింది. చెట్ల మధ్య నాన్న మెల్లగా నడిచి వెళ్తున్నాడు. ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టు కుడిచెయ్యి చాచి ఉంది. ఆ చేతికి అవతల చీకటి తప్ప ఏమీ లేదు.

ఆమె ఎడమచెయ్యి పట్టుకుంది. "నాన్నా, ఇంటికి పోదాం రా."

ఆయన మర్యాదగా చూశాడు. "మీరెవరమ్మా? మా అమ్మాయి వచ్చిందిగా, తీసుకెళ్తోంది."

"నేనే నాన్నా... నీ కూతుర్ని నేనే..."

లాగింది. అటునుంచీ లాగారు. ఆయన కుడిచెయ్యి తాడులా బిగుసుకుంది. "అబ్బా" అని మూలిగాడు. ఆమె చెవి పక్కనే, ఆమె గొంతే, గుసగుసగా...

"ఎవరో... పాపం."

"మా నాన్న!" గొంతు చించుకుని అరిచింది. "ఈయన మా నాన్న!"

గేటు దగ్గర జనం తిరిగి చూసేదాకా అరుస్తూనే ఉంది. అప్పుడు ఆయన కుడిచెయ్యి వదులైంది.

ఇంటికి చేరాక ఆయన కాళ్లకంటిన బురద కడిగి పడుకోబెట్టింది. పరాయింట్లో ఉన్నవాడిలా మొహమాటపడుతున్నాడు. ఆమె మంచం పక్కన కూలబడింది.

"నాన్నా... అందరి ముందూ నువ్వెవరో తెలీదన్నాను. ఇక నీ ముందు తలెలా ఎత్తను?"

"మీరెందుకమ్మా బాధపడతారు?" అన్నాడు జాలిగా. "మా అమ్మాయి దారిలోనే చెప్పుకుని ఏడ్చింది. ఎప్పుడో క్షమించేశాను."

"ఏ... ఏ అమ్మాయి నాన్నా?"

ఆయన గోడవైపు జరిగి, చోటిచ్చి, దుప్పటి అంచు పైకెత్తి పట్టుకున్నాడు.

ఆ చోట దిండు మెల్లగా కుంగింది.