దిష్టి తీసిన జర్మన్ కారు

సురేందర్‌ని ఇటలీలో, ట్రియెస్టే రేవులో చంపేశారు. కారుని ఓడెక్కించి వెనక్కి తిరిగేలోపే మెడలో విషపు సూది దిగింది.

ఆ కబురు మూడు వారాల తర్వాత, శవం దొరికాకే, మస్కట్ శివార్లలో, అల్ అమెరాత్‌లోని పాత కార్ల యార్డులో శ్రీచరణ్‌కి అందింది. బ్రోకర్ వేషంలో ఉన్న భారత ఏజెంట్ అతను. ఫోన్‌లో బాస్ గణపతి.

"పప్పు ఉడికిందా?"

"ఉప్పే తక్కువ. చెప్పండి సార్."

"కారు ఒమాన్‌లో దిగింది. మన నేవీ నుంచి కొట్టేసిన చిప్‌ని దొంగలు అందులోనే దాచారు. అది చేతులు మారితే మన జలాంతర్గాములెక్కడున్నాయో శత్రువుకి అద్దంలో కనిపించినట్టే. కొనేవాడెవడో తెలీదు. ఇవాళ సాయంత్రమే యాట్‌లో దాటేస్తాడని మాత్రం సమాచారం."

"సురేందర్..."

"తర్వాత ఏడుద్దాం, చరణ్. వాడు ప్రాణం పెట్టి పంపిన కారు. వృథా కానివ్వకు."

శ్రీచరణ్ ఫోన్ జేబులో పెట్టాడు. సురేందర్‌దీ తనదీ ఒకే బ్యాచ్, ఒకే రూమ్, ఒకే కంచంలో తిన్న స్నేహం.

కారు ఓనర్ చైతన్యకృష్ణ కాకినాడ ఇంజనీరు, పాపం అమాయకుడు. జర్మనీ నుంచి మస్కట్‌కి ట్రాన్స్‌ఫరైతే, "ఆ ఖర్చుతో అక్కడ ఇంకోటి కొనుక్కోవచ్చు కదరా" అని లోకమంతా మొత్తుకున్నా వినకుండా కారునీ ఓడలో తెప్పించుకున్నాడు. డ్రైవర్ వేషంలో ఆ కారుని ఆస్ట్రియా మీదుగా ఇటలీ దాకా నడిపినవాడే సురేందర్.

రిజిస్ట్రేషన్ పని ఒప్పుకుని యార్డుకి తెప్పించిన కారులో శ్రీచరణ్ డ్రైవర్ సీటు కింద చెయ్యి పెట్టగానే వాచీ జివ్వుమంది. చిప్ జానెడు దూరంలో ఉంటేనే మోగే డిటెక్టర్ అది. అయినా చిప్‌ని కదపలేదు. దానికోసం వచ్చే చెయ్యి కావాలి.

"పూజ చేయించకుండా బండి రోడ్డెక్కదండీ" అన్నాడు చైతన్యకృష్ణ. సరే, తాత్కాలిక నంబరు ప్లేటుతో దార్సైట్ కృష్ణ మందిరానికి బయల్దేరారు. ఒమాన్ పోలీసులు మఫ్టీలో వెనకే వచ్చారు.

అక్కడికి అనూహ్య కూడా వచ్చింది. కారుని పోర్టులో క్లియర్ చేయించిన షిప్పింగ్ ఆఫీసర్, మన ఇన్ఫార్మర్. నెమలికంఠం రంగు షిఫాన్ చీరలో దిగేసరికి పూజారి మంత్రం ఒక క్షణం ఆగి మళ్ళీ అందుకుంది. తనే డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్‌కి తోరం కట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు చితికాక, ఇంకో కాయ కోసి కుంకుమ అద్ది, కారు చుట్టూ తిప్పి సందు మలుపులో పారేసింది.

"దేశదేశాల దిష్టి తగిలిన బండి కదండీ!" అని నవ్వింది.

జనం పలచబడ్డాక శ్రీచరణ్ సీటు కింద చెయ్యి పెట్టాడు. వాచీ మూగబోయింది!

పరుగున వెళ్ళి అనూహ్యని ఆపాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్ చేతికిచ్చి, చేతులు చాపి నిలబడింది. "వెతుక్కోండి. నా జీతమిచ్చేది కూడా మీ బాసే."

బ్యాగులో లేదు. ఆమె దగ్గరా వాచీ పలకలేదు. శ్రీచరణ్‌కి కాలు నిలవలేదు. సందులో ఆ చివర నుంచి ఈ చివరకి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ప్రతి ముఖంలోనూ హంతకుడే కనిపిస్తున్నాడు. మలుపు దగ్గర కుంకుమ నిమ్మకాయ కనబడ్డప్పుడల్లా మాత్రం, చిన్నప్పుడు నాయనమ్మ నేర్పినట్టే, బారెడు దూరం తప్పుకుని నడిచాడు.

పొద్దుగూకింది, మగ్రిబ్ అజాన్ మొదలైంది. లినెన్ కోటు వేసుకున్న ఒక తెల్లాయన తాపీగా వచ్చాడు, వంగాడు, నిమ్మకాయ తీసి జేబులో వేసుకున్నాడు.

దిష్టి తీసి పారేసిన కాయని తెలిసినవాడెవడు ముట్టుకుంటాడు? శ్రీచరణ్‌కి చెంప పగిలినట్టయింది. మనవాళ్ళెవరూ దాని ఛాయలకి పోరని లెక్కేసి పెట్టారన్నమాట! ఆ లెక్కకి మొదట దొరికింది తనే.

ఒక్క ఉరుకు ఉరికాడు. ఆ మనిషి తన కారు డోరు తీస్తూనే విషపు సూదిపెన్ను ఎత్తాడు. శ్రీచరణ్ మణికట్టు మెలిపెట్టి, వాణ్ణి బానెట్ మీద అదిమి, జేబులోని నిమ్మకాయ ఉత్త చేత్తో లాగాడు. వాచీ పూనకం వచ్చినట్టు ఊగింది. కుంకుమ మధ్యలో చిప్ మెరిసింది.

పోలీసులు వాడికీ, అనూహ్యకీ బేడీలు వేశారు. ఆమె వెళ్తూ వెళ్తూ, "దిష్టి కాయ పట్టుకున్నారు. భయం లేదా?" అంది.

"ఉంది. ఇంటికెళ్ళి తలస్నానం చేస్తా."

అంతలో చైతన్యకృష్ణ రొప్పుతూ వచ్చాడు. "అదంతా సరేనండీ, నా కారు రిజిస్ట్రేషన్ సంగతేంటి? ముల్కియా అంటారే, ఆ ఆర్సీ కార్డు ఎప్పుడొస్తుంది?"

శ్రీచరణ్‌కి నవ్వొచ్చింది, దాని వెనకే కన్నీళ్ళూ వచ్చాయి.

'సురేందర్‌గాడు సరిహద్దులన్నీ దాటించాడు గానీ, ఈ ముల్కియా తిరుగుడు మాత్రం నా నెత్తిన పడేసి పోయాడు వెధవ!' అనుకుని, "పొద్దున్నే ఇన్‌స్పెక్షన్‌కి వెళ్దాం సార్" అన్నాడు.