మెడ పట్టి లాగే గది

ఆ ఆస్పత్రి కింది అంతస్తులో ఉన్న స్కానింగు గదికి మంచి పేరు లేదు. రాత్రి తొమ్మిది దాటాక లోపలికెళ్తే... ఏదో మెడ పట్టుకుని లాగుతుందట! ఏది లాగుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. చూద్దామని ఆగినవాళ్ళు లేరు.

నిజానికి ఈ సంగతి ఊరంతా చాటింది ఒక్కడే, టైలరు. రెండుసార్లు లాగించుకున్నదీ ఆయనే.

పన్నెండేళ్ళుగా ఆయనకి ఫిట్స్. మందులు పనిచేయడం లేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ పక్కకి ఒరిగిపోతాడు. డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. "మెదడులో దెబ్బ ఒక్కచోటే ఉంటే ఆపరేషను చేసి తీసేయొచ్చు. చాలాచోట్లకి పాకి ఉంటే కోసి లాభం లేదు. స్కానింగు చూడందే నేను కత్తి పట్టను. నలభై నిమిషాలు కదలకుండా పడుకోండి, చాలు."

ఆ నలభై నిమిషాల పనికి రాత్రి తొమ్మిది దాటాక రెండుసార్లు వెళ్ళి, రెండు నిమిషాల్లో పరుగున వచ్చేశాడు. మూడోసారి కూడా పారిపోతే ఆర్నెల్ల దాకా ఖాళీ లేదన్నారు. అందుకని ఈసారి భార్య వెంట వచ్చింది.

"పరిగెత్తారంటే చూడండి, ఇంటి తాళం నా దగ్గరుంది" అంది. పిరికిపంద అని దారంతా ఆటపట్టిస్తూనే ఉంది.

ఆస్పత్రివాళ్ళిచ్చిన తెల్ల గౌనుకి ఈసారి కూడా మెడపట్టీ ఊడిపోయి ఉంది. చిరిగిన బట్ట కనిపిస్తే టైలరు చెయ్యి ఊరుకుంటుందా? బల్ల మీద కూర్చుని చకచకా కుట్టేసి, అది తొడుక్కున్నాడు.

"వాచీ, ఉంగరం, తాళాలు, ఫోను... ఏమైనా ఉన్నాయా బాబాయ్?" అని అడిగింది స్కానింగు అమ్మాయి.

"ఏమీ లేవమ్మా."

లోపల చలి. ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చున్న తెల్లటి యంత్రం... డుక్... డుక్... డుక్...

ఒక అడుగు వేశాడు. ఇంకొకటి... మూడోది—

మెడ దగ్గర గౌను తనంతట తానే లేచింది.

"వచ్చింది..." అన్నాడు టైలరు.

"ఏది?" గుమ్మంలోంచి భార్య గుసగుస.

"అదే... పట్టుకుంది..."

"కదలకండి!"

"నేనెక్కడ కదిలానే... అదే కదుపుతోంది!"

అంతలో మెడ దగ్గర్నుంచి ఏదో సర్రున ఎగిరి యంత్రానికి టిక్కుమని అతుక్కుంది. దాని వెనకాల, గాల్లో, సన్నటి తెల్లదారం... నిటారుగా... వణుకుతూ...

భార్య ఆ దారాన్ని తేరిపార చూసింది.

"ఏమండీ... కుట్టడం అయ్యాక సూది ఎక్కడ గుచ్చారు?"

ఎక్కడ గుచ్చుతాడు, ముప్పై ఏళ్ళుగా గుచ్చే మెడపట్టీలోనే! ముందు రెండుసార్లూ అంతే. ఆ యంత్రమేమో పెద్ద అయస్కాంతం. ఇనుము దగ్గరికొస్తే వదులుతుందా?

స్కానింగు అమ్మాయి తల పట్టుకుంది. "సూదులున్నాయా అని కూడా అడగాలా బాబాయ్? కంట్లో గుచ్చుకుంటే ఏమయ్యేది?"

సూది తీసేసి, ఆయన్ని ఇంకోసారి నఖశిఖపర్యంతం వెతికి పడుకోబెట్టింది. సిగ్గుతో టైలరు నలభై నిమిషాలూ వేలు కూడా కదపలేదు.

మర్నాడు డాక్టరమ్మ ఆ ఫొటోలు ముందు పెట్టింది.

"ఇక్కడ... ఇక్కడ... అటువైపు కూడా. దెబ్బ ఒకచోట లేదు, చాలాచోట్ల ఉంది. చూడకుండా కోసుంటే వృథా అయ్యేది. ఆపరేషను వద్దు, మందులు మారుద్దాం."

టైలరు నవ్వబోయాడు. "అంతేలెండి. బట్టంతా పలచబడ్డాక ఒక్క అతుకు ఏం నిలుస్తుంది?" అన్నాడు గానీ, మొహం వాడిపోయింది. కోస్తే పోతుందని ఎంతో ఆశపడ్డాడు పాపం.

భార్య ఆ మచ్చల్ని వేలితో లెక్కపెట్టింది. ఏడు దాటాక లెక్క తప్పింది. నెమ్మదిగా ఆయన చెయ్యి పట్టుకుంది.

"పన్నెండేళ్ళుగా ఇన్నిటితో ఒక్కరే వేగుతున్నారా... మిమ్మల్నా నేను పిరికిపంద అన్నది?"

అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న టైలరు డాక్టరమ్మ ముందే భోరుమన్నాడు.