కండెల పిండి రొట్టె

తెల్లవారగానే హస్నియా కాఫీ కాచుకుని, కిటికీ దగ్గర కూర్చుని పాఠం వల్లెవేస్తున్నట్టు గొణుక్కోవడం మొదలుపెట్టింది. ఆ రోజు బడికి వెళ్ళాలి. యుద్ధంలో శత్రుసైన్యం స్రెబ్రెనిత్సా ఊరి మగవాళ్ళను ఊచకోత కోసినప్పుడు భర్తనూ, పంతొమ్మిదేళ్ళ కొడుకు నియాజ్‌నూ ఎలా పోగొట్టుకున్నదీ ఏటా పిల్లలకు చెప్పేది ఆవిడే. తోటి ఆడవాళ్ళు ఒక్కొక్కరే కన్నుమూశారు. చెప్పేవాళ్ళంటూ ఆ పేటలో ఇక ఆవిడే మిగిలింది. కూతురు జుమ్రాకు మాత్రం ఇది బొత్తిగా ఇష్టం లేదు.

"పోయినేడు చెప్పిందే రెండుసార్లు చెప్పావు. ఎనభయ్యేళ్ళొస్తున్నాయి, ఇంకా ఎందుకమ్మా?"

"అయితే నువ్వెళ్ళి చెప్పు."

"నాకేం తెలుసు? అప్పటికి పన్నెండేళ్ళదాన్ని."

"తెలీకపోతే ఊరుకో, నన్ను చెప్పుకోనీ. నాన్నా అన్నా తప్పించుకుపోవడానికి అడవి దారి పట్టేముందు సంచిలో గోధుమరొట్టె పెట్టి..."

"గోధుమలెక్కడివమ్మా, గడ్డి తిన్న రోజుల్లో? అవి గింజలొలిచేసిన ఉత్త మొక్కజొన్న కండెలు. కాఫీ మరలో నేనే పిండి విసిరా, నేనే కాల్చా. నువ్వు నీళ్ళకెళ్ళావు."

హస్నియా కప్పు కిందపెట్టింది. "తర్వాత?"

ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట జుమ్రా చెప్పింది.

"ఇది రొట్టా, ఇటుకా అన్నాడు అన్న. నాకు ఒళ్ళు మండింది. బయల్దేరేటప్పుడు నువ్వూ నాన్నా వీధిలో ఉన్నారు. వాడు గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానే అన్నాడు. నేను తల తిప్పలేదమ్మా. ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?"

హస్నియా కళ్ళనిండా నీళ్ళు. పెదాల మీద నవ్వు.

"అంటే ఆ రోజు కూడా పోట్లాడుకున్నారా ఇద్దరూ? బిక్కుబిక్కుమంటూ వెళ్ళాడేమోనని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను. నిన్ను ఏడిపిస్తూ వెళ్ళాడన్నమాట, నా తండ్రి."

జుమ్రా తల్లి ఒళ్ళో తలపెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. హస్నియా కాసేపు ఏడవనిచ్చింది.

"ఇక లే అమ్మా. మొహం కడుక్కో. బడికి ఆలస్యమవుతోంది."

ఆ ఉదయం పిల్లల ముందు నిలబడింది జుమ్రా. "మా అన్నకు నేను చేసిన రొట్టె నచ్చలేదు" అని మొదలుపెట్టింది. పిల్లలు కిసుక్కుమన్నారు, ఆ తర్వాత ఒక్కరూ కదల్లేదు. హస్నియా ముందు బెంచీలో వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని, కన్నార్పకుండా విన్నది. జుమ్రా ఊపిరి తీసుకోవడానికి ఒకచోట ఆగితే, "ఇంకా చెప్పు" అని అందరికంటే ముందు అడిగింది ఆవిడే.