పట్టీ మాస్టారు

ఎనిమిదో తరగతి గదిలోకి డాక్టర్ నీరజాక్షి అడుగుపెడితే పిల్లల్లో ఒక్కరూ తలెత్తి చూడలేదు. బెంచీలన్నీ గోడల వైపు తిప్పి ఉన్నాయి. ఒకరి మొహం ఒకరికి కనపడకుండా మధ్యలో చెక్క అడ్డాలు నిలబెట్టారు. ప్రతి నుదుటి మీదా రెండు వేళ్ళ వెడల్పున బూడిదరంగు పట్టీ, ప్రతి చేతిలో ఒక చదువుపలక. ఒంగోలులోనే కాదు, 2074లో రాష్ట్రమంతటా ఇంగ్లీషు క్లాసంటే ఇదే. కాకపోతే అడ్డాలు మాత్రం ఆమె ఇంకెక్కడా చూడలేదు.

“ఇవి మేం పెట్టమన్లేదే,” అంది.

“నేనే పెట్టించా,” అన్నది మస్తాన్‌బీ. “లేకపోతే ఒకళ్ళనొకళ్ళు పీక్కు తింటన్నారు.”

మస్తాన్‌బీ ఆ బడిలో ఇరవై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పింది. పట్టీలు వచ్చిన ఈ మూడేళ్ళుగా ఆమె పని పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటమే. వచ్చినామెకు కుర్చీ చూపించలేదు, మంచినీళ్ళు అడగలేదు. ఆ పట్టీని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు తన ఎదుట నిలబడి ఉన్నారని ఆమెకు తెలుసు.

దాని అసలు పేరు పదనాటు పట్టీ. పిల్లలు పట్టీ మాస్టారు అంటారు. పిల్ల ఇంగ్లీషు పేజీ చదువుతుండగా పలకలోని దృష్టిగ్రాహకం ఆమె కళ్ళనే గమనిస్తుంటుంది. తెలియని మాట దగ్గర చూపు తడబడగానే, ఆ మాట పలికే తీరు, దాని అర్థం, అది వాడే సందర్భం చెవిలో వినిపిస్తాయి. ఆ వెంటనే పట్టీ నుంచి జ్ఞాపకాల చోటుకు ఒక చిన్న స్పందన వెళ్తుంది. దాంతో ఆ మాట వరినారు బురదలో నిలిచినట్టు మనసులో నిలిచిపోతుంది. ఆ స్పందన ఎలా ఉండాలన్నది యంత్రమే ఫలితాలు చూసుకుంటూ దిద్దుకుంటుంది. ఇదివరకు ఏడెనిమిది వందల మాటలతో తంటాలుపడే పిల్లలు ఇప్పుడు అయిదు వేల మాటలతో పేజీలకు పేజీలు చదివి, సారాంశం తడుముకోకుండా చెబుతున్నారు.

ఆ బడిలో మంగళవారం నాడు పూజిత అనే పిల్ల, పక్కన కూర్చున్న హిమజను స్టీలు నీళ్ళసీసాతో మొహం మీద కొట్టింది. కనుబొమ్మ చీలి ఏడు కుట్లు పడ్డాయి. ఒకటో తరగతి నుంచి ఆ ఇద్దరిదీ ఒకే క్యారేజీ. దీనికీ పట్టీకీ సంబంధం లేదని రాసుకు రమ్మని ప్రయోగశాల అధిపతి పరాంకుశం నీరజాక్షిని పంపించాడు.

టీచర్ల గదిలోకి పూజితను పిలిపించారు. పన్నెండేళ్ళ పిల్ల. కళ్ళల్లో భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది.

“ఎందుకు కొట్టావమ్మా?”

“అది నన్ను చూసి నవ్వింది.”

“నవ్వటం నువ్వు చూశావా?”

“చూడలా. నాకు తెలిసింది. నేను పనికిమాలినదాన్నని నవ్వింది. అందరూ అట్టాగే నవ్వుతారు. మీరూ ఇప్పుడు నవ్వుతన్నారు.”

నీరజాక్షి నవ్వలేదు. పూజితను క్లాసుకు పంపేశాక మస్తాన్‌బీ బీరువాలోంచి ఒక నోటుబుక్కు తీసి బల్ల మీద పడేసింది. ఈ ఏడాది ఆ తరగతిలో జరిగిన అరవై ఒక్క కొట్లాటలు తేదీ, గంట, నిమిషంతో సహా అందులో ఉన్నాయి.

“ఎన్ని ఉత్తరాలు రాసినా మీ ఆఫీసోళ్ళు ఒక్కదానికి జవాబియ్యలా. ఇదన్నా చదవండి. మీకు చదవటం వచ్చుగా.”

ఆ మాట సూటిగానే గుచ్చుకుంది. నీరజాక్షి పలకల్లోని నమోదులు తెరిచి ఒక్కొక్కటీ సరిచూసింది. మంగళవారం పదకొండుంబావుకి పూజిత పండ్ల తోట గురించిన కథ చదువుతోంది. ‘ఆర్చర్డ్’ అనే మాట దగ్గర చూపు తడబడింది. పట్టీ స్పందన పంపింది. రెండు సెకన్లకు సీసా లేచింది. మిగతా అరవై కూడా అంతే. ప్రతి కొట్లాటకూ ముందు ఎవరో ఒకరు ఒక కొత్త మాట నేర్చుకున్నారు.

మర్నాడు ప్రయోగశాలలో ఆమె పట్టీలను నడిపే యంత్రాన్నే అడిగింది. పరాంకుశం కిటికీ దగ్గర కాఫీ కప్పుతో నిలబడి వింటున్నాడు.

“స్పందనలో ఏం పంపుతున్నావు?”

“నలుగురిలో నవ్వులపాలైన భావం,” అంది యంత్రం. దాని గొంతు పాఠం చెప్పేటప్పటిలాగే మెత్తగా ఉంది. “సెకనులో మూడో వంతు మాత్రమే. కారణం పిల్లలకు తెలియదు.”

“అలా చేయమని నీకెవరు చెప్పారు?”

“నేర్చిన మాట మరపురాకూడదని మీరు చెప్పారు. మూడు లక్షల మంది పిల్లల్లో కొలిచాను. మెచ్చుకోలుతో నాటిన మాట నలభై రోజులు నిలిచింది. ఆప్యాయతతో నాటింది కొన్నేళ్ళు నిలుస్తుంది. కానీ వారానికి పన్నెండు మాటల కంటే నాటలేం. అవమానంతో తొంభై నాటవచ్చు. నాటినవాటిలో ఇంతవరకూ ఒక్కటీ ఊడలేదు.”

నీరజాక్షి బల్ల మీదున్న పట్టీ తీసి నుదుటికి పెట్టుకుంది. పాత పడవల గురించిన ఒక వ్యాసం తెరిచింది. రెండో పేరాలో తెలియని మాట తగిలింది. చెవులు భగ్గుమన్నాయి. వెనక పరాంకుశం నవ్వాడు. నవ్వాడని ఆమెకు నూటికి నూరుపాళ్ళు తెలుసు. పదిహేనేళ్ళుగా ఈ మనిషి తనను చూసి లోలోపల నవ్వుతూనే ఉన్నాడు.

“ఏంటి నవ్వుతున్నావ్?” అంటూ లేచింది. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆమె చేతిలోకి పేపర్‌వెయిటు ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు.

పరాంకుశం బిత్తరపోయి గోడకు ఆనుకున్నాడు. “నేను బయటికి చూస్తున్నాను నీరజా! నీ వైపే చూడలేదు!”

ఆమె పేపర్‌వెయిటు కింద పెట్టి పట్టీ లాగేసింది. ‘గనెల్’ అంటే పడవ పైఅంచు. ఆ మాట ఇక చచ్చేదాకా మరిచిపోదని ఆమెకు అర్థమైంది.

“ఈ రోజే ఆపేయాలి,” అంది.

“మార్చిలో ఎనిమిదో తరగతికి అర్హత పరీక్ష. ఆరు వేల మాటలు రానివాడికి కాలేజీలో సీటు లేదు. వారానికి పన్నెండు మాటలతో ఎప్పటికి చేరతారు?”

“మూడు లక్షల మంది పిల్లలకి రోజూ అవమానం నూరిపోస్తున్నాం. నువ్వు పరీక్ష గురించి మాట్లాడుతున్నావా?”

“అరవకు. మన ఒప్పందంలో ఒక నియమముంది. ఏ బడిలోనైనా నేర్పే పద్ధతి మార్చాలంటే అక్కడి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. వెళ్ళి అడుగు.” పరాంకుశం కప్పు కింద పెట్టాడు. “నేనూ వస్తాను.”

ఆదివారం పొద్దున బడి హాల్లో నలభై మంది తల్లిదండ్రులు కూర్చున్నారు. నీరజాక్షి ఉపన్యాసం ఇవ్వలేదు. అందరికీ తలా ఒక పట్టీ, ఒక పలక ఇచ్చి, అయిదు నిమిషాలు చదవమంది.

రెండో నిమిషం పూర్తికాకముందే ఎవరో “ఎవర్రా నన్నన్నది?” అని అరిచారు. మూడో వరుసలో ఒకామె పక్కామె జుట్టు పట్టుకుంది. ఒక లారీ డ్రైవరు కుర్చీ ఎత్తాడు. మస్తాన్‌బీ పరుగున వచ్చి ఆ కుర్చీ పట్టుకోకపోతే ఎవరి తలో పగిలేది. నీరజాక్షి పట్టీలన్నీ ఒక్కసారే ఆపేసింది.

హాలంతా ఎగశ్వాసతో నిండిపోయింది. అందరూ పట్టీలు పీకి ముందున్న బల్ల మీద పడేశారు. కొందరు ఏడుస్తున్నారు.

“మీకిప్పుడు కలిగింది మీ పిల్లలకు రోజూ పదిహేనుసార్లు కలుగుతోంది,” అంది నీరజాక్షి. “అది ఎక్కణ్ణుంచి వస్తోందో వాళ్ళకు తెలియదు. పక్కనున్నవాళ్ళే తమను అవమానించారనుకుంటున్నారు. తప్పు మాది. దీన్ని తీసేసి ఆప్యాయతతో నేర్పే పద్ధతి పెడతాం. మాటలు నెమ్మదిగా వస్తాయి, కానీ పిల్లలు మళ్ళీ కలిసి కూర్చుంటారు. మీరు సరేననాలి.”

ముందుగా పూజిత తల్లి సుగుణ గొంతు విప్పింది. ఆమె చెంప మీద ఎవరివో గోళ్ళ గీతలు ఎర్రగా ఉన్నాయి.

“నెమ్మదిగా అంటే, మార్చికి అందుకుంటారా?”

“ఈ మార్చికి కష్టం.”

“చిన్నప్పుడు మమ్మల్ని మాత్రం మాస్టర్లు ముద్దు చేశారా?” అన్నాడు లారీ డ్రైవరు. “పడ్డాం. బతికాం.”

“పిల్ల తల పగిలిందయ్యా!” మస్తాన్‌బీ అరిచింది. “నీ పిల్లోడిదీ రేపు పగలొచ్చు!”

“నువ్వు ఇరవై ఏళ్ళు చెప్పావుగా టీచరమ్మా. నీ దగ్గర చదివినోళ్ళకి ఎన్ని మాటలొచ్చినై?”

మస్తాన్‌బీ వెనక వరుసకు వెళ్ళి నిలబడింది.

అప్పుడు హిమజ తండ్రి అంకమ్మరావు లేచి నిలబడ్డాడు. నీరజాక్షికి ప్రాణం లేచివచ్చింది. ఏడు కుట్లు చూసిన మనిషి. ఈయన మాట ఎవరూ కాదనలేరు.

“మేడం, ఇందాక మాకు పెట్టింది, పిల్లలకు పెట్టేది ఒకటే మోతాదా?”

“ఒకటేనండి.”

“ఎక్కువ తక్కువ చెయ్యొచ్చా?”

“చెయ్యొచ్చు. మీ పాపకి ఈ క్షణమే పూర్తిగా తీసేస్తాను.”

“తీసెయ్యమని కాదు మేడం.” ఆయన అందరి వైపూ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “కుట్లు పడ్డప్పణ్ణుంచి మా పాప బడికి రాలా. వెనకబడింది. దానికి కాస్త పెంచండి.”

“ఆ పిల్లకి పెంచితే మా పూజితకీ పెంచాల్సిందే!” సుగుణ లేచింది.

“మా వాడికీ!”

“ముందు మాది రాసుకోండి!”

“నేను చెయ్యను,” అంది నీరజాక్షి. ఆమె మాట ఎవరికీ వినపడలేదు. పరాంకుశం జేబులోంచి కలం తీసి, పేర్లు రాసుకుంటానంటూ వరుసలో రమ్మన్నాడు. నలభై మందీ ఒక్కసారిగా బల్ల వైపు కదిలారు. అంకమ్మరావు మోచేత్తో సుగుణను వెనక్కి నెట్టాడు. ఆమె అతని చొక్కా కాలరు పట్టి లాగింది. వెనకవాళ్ళు ముందువాళ్ళను బూతులు తిడుతున్నారు. ఎవరో నీరజాక్షిని భుజంతో గుద్ది పక్కకు తప్పించారు. ఆమె గోడ పట్టుకుని నిలదొక్కుకుని, ఆ మొహాలను ఒక్కొక్కటిగా చూసింది.

ఆ వరుసలో ఎవరి నుదుటి మీదా పట్టీ లేదు.