జాబితాలో నాలుగో పేరు

సాయంత్రం నాలుగున్నర. పొద్దుటినుంచి పట్టిన ముసురు వదల్లేదు. ముందు గదిలో లైటు వేసుకుని ఆమె కుట్టుమిషను దగ్గర కూర్చుంది. ఎవరిదో స్కూలు చొక్కా, చంకలో కుట్టు విడిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

పిల్లలిద్దరూ లైబ్రరీ హాలుకి వెళ్ళారు. సొంతంగా కంప్యూటర్ ఆటలు తయారుచేసేవాళ్ళంతా ఇవాళ అక్కడ చేరి, వచ్చినవాళ్ళ చేత ఆడిస్తారట. వీళ్ళ ఆటకి పెద్దది కోడ్ రాసింది, చిన్నది బొమ్మలు వేసింది. తిరిగి రావడం వాళ్ళ నాన్న నడిపే బస్సులోనే. ఆరింటికల్లా ముగ్గురూ ఇంట్లో ఉండాలి.

ఆ ఆట పుట్టిందే ఆమె అలవాటులోంచి. రోజూ చీకటిపడే వేళకి గడపలో నిలబడి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటుంది. మూడు అయ్యాకగానీ పొయ్యి వెలిగించదు. మన ఇంటికి అమ్మే వాచ్‌మన్ అని చిన్నది వెక్కిరిస్తుంది. ఆటలోనూ అంతే. వానలో పిల్లలు నడిచి వస్తుంటారు. గడపలో తల్లి నిలబడి ఉంటుంది. దారి తప్పకుండా అందరినీ ఇల్లు చేర్చాలి. చేరితే దీపం వెలుగుతుంది. లెక్కపెట్టే గొంతు ఆమెదే. ఒక్కో పిల్ల తలమీద ఒక్కో పేరు, ఆ ఆట కోసం పనిచేసినవాళ్ళది. పెద్దది, చిన్నది, బస్సు హారన్ రికార్డు చేసి ఇచ్చిన నాన్న.

నాలుగో పేరు గువ్వ.

గువ్వని ఎవరూ చూడలేదు. అసలు పేరేమిటో కూడా తెలియదు. పెద్దది తన కోడ్ దాచుకోకుండా నెట్‌లో తెరిచి పెట్టింది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. అలా ఏడాది కిందట వచ్చి చేరింది గువ్వ. అప్పటినుంచి ఇంట్లో గువ్వ జపమే. తలుపు తెరుచుకునే కోడ్ గువ్వ రాసింది. వాన చప్పుడు గువ్వ సరిచేసింది. కంచం ముందు కూర్చుని కూడా పెద్దది ఫోన్లో గువ్వకి జవాబులు కొడుతూ తనలో తనే నవ్వుకునేది. ఏమిటే అంటే, నీకు అర్థం కాదులే అమ్మా అనేది.

ఒక కంపెనీవాళ్ళు ఆట తీసుకుంటామని వచ్చారు. ఇకమీదట కోడ్ ఎవరికీ కనపడకూడదని షరతు. ఇచ్చెయ్యమని తల్లి వారంరోజులు బతిమాలింది. గువ్వ రాసింది ఒక్క ముక్క. తలుపుకి తాళం వేస్తే బయట ఉన్నవాళ్ళు ఎలా వస్తారు, అని. అంతే, పెద్దది కంపెనీకి వద్దని చెప్పేసింది. కన్నతల్లి వారంరోజులు బతిమాలింది ఏ మూలకి?

గొంతు రికార్డు చేసిన రోజున ఒకటి, రెండు, మూడు సాఫీగానే వచ్చాయి. నాలుగు మాత్రం కసిరినట్టు వచ్చింది. మూడుసార్లు చెప్పించారు. నీకు గువ్వంటే కుళ్ళు అని చిన్నది పకపకా నవ్వింది. ఆమె నవ్వలేదు. మొహం తెలియనిదానికి పేరుంది, తనకి లేదు. అదే అడిగితే, నువ్వు లెక్కపెట్టే మనిషివి, నడిచే పిల్లవి కాదుగా అంది పెద్దది.

ఆ మాట ఇవాళ చొక్కా కుడుతుంటే మళ్ళీ గుర్తొచ్చింది. సూది వేలిలో దిగింది. ఆమె లేచి వెనక గదిలోకి వెళ్ళింది.

పెద్దదాని పాత ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ఆటలో అక్షర దోషాలు దిద్దడం కూతురే నేర్పింది. నేర్పిన రోజే ఒక మాట గట్టిగా చెప్పింది. పనిచేసినవాళ్ళ జాబితాలో చేరిన పేరు ఎవరూ తియ్యకూడదు. మనిషి మానేసినా, పోట్లాడి వెళ్ళిపోయినా, చచ్చిపోయినా సరే. వీళ్ళకి ఉన్న కట్టుబాటల్లా అదొక్కటే.

ఆమె ఆ జాబితాలో నాలుగో వరస చెరిపేసింది. ఎందుకు మార్చారని కింద గడి అడిగింది. 'తప్పు దిద్దాను' అని కొట్టింది. కడుపు చల్లబడినట్టయింది.

ఎలా ఉందో చూద్దామని ఆట తెరిచింది. వానలో ముగ్గురే నడిచి వస్తున్నారు. ఎంత బాగున్నారో. తన ముగ్గురు. గడప దాకా వచ్చారు... ఆగిపోయారు. ముగ్గురూ వెనక్కి తిరిగి చీకట్లోకి చూస్తున్నారు. ఎవరికోసమో.

స్పీకర్లోంచి తన గొంతు పలికింది. ఒకటి... రెండు... మూడు. కాస్త ఆగింది. మళ్ళీ ఒకటి... రెండు... మూడు.

ల్యాప్‌టాప్ మూసేసింది. గొంతు ఆగింది.

అప్పుడే ఫోన్ మోగింది. పెద్దది. చుట్టూ జనం ఉన్నట్టున్నారు, గుసగుసగా మాట్లాడుతోంది.

"అమ్మా, ఒకావిడ వచ్చింది ఇక్కడికి. గువ్వ వాళ్ళమ్మట."

ఆమె ఊకొట్టింది.

"గువ్వ పోయి ఎనిమిది నెలలైందట అమ్మా. ఇలాంటి వానలోనే, ఇంటికొస్తూ... ఇల్లు చేరలేదట."

"మరి మొన్న సోమవారం ఏదో పంపిందన్నావు?"

"పంపింది. అదే నాకూ..." పెద్దది హాల్లో జరిగింది చెప్పింది. గువ్వ ఆటలోనైనా ఇల్లు చేరడం ఒక్కసారి చూడాలని వచ్చిందట ఆవిడ. తెరిచి చూపించారు. హాల్లో కంప్యూటర్ కూడా కొత్తగా మార్చిన ఆటనే నెట్‌లోంచి తీసుకుంటుంది. ముగ్గురే వచ్చారు. ఆవిడ ఏడవలేదట. మా పిల్ల పేరు ఎవరు తీశారని ఒక్కటే అడిగి, వానలోకి వెళ్ళిపోయిందట.

"నువ్వేమైనా ముట్టుకున్నావా అమ్మా?"

"నాకేం తెలుసు."

ఆ మాట అనేసి ఫోన్ పెట్టేసింది. మళ్ళీ పేరు పెడితే, తీసింది కూడా తనేనని కూతురి దగ్గర ఒప్పుకున్నట్టే. అదొకటి. ఇంకొకటి, చెప్పుకోడానికి సిగ్గుచేటు. చచ్చి కూడా నా పిల్లని వదల్లేదు చూడు అని ఆమెకి ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆరయింది. బస్సు రాలేదు.

గడపలో నిలబడింది. వాన పెద్దదయింది. వీధి లైట్లు ఇంకా వెలగలేదు. ఎదురింటి గోడ కూడా కంటికి ఆనడం లేదు. ముగ్గురి ఫోన్లూ అందుబాటులో లేవు. ఎన్నాళ్ళో మూసిపెట్టిన గొడుగు విప్పితే వచ్చే వాసన... ఎక్కడినుంచో వస్తోంది. బయటినుంచి కాదు. వెనక గదిలోంచి.

ఆరుంపావు.

తలుపు మీద ఎవరో కొట్టారు. నెమ్మదిగా, వేలి కణుపులతో. తలుపు తెరిచే ఉంది. ఆమె తలుపు పక్కనే నిలబడి ఉంది. అక్కడ ఎవరూ లేరు.

మళ్ళీ కొట్టారు...

మూసిన ల్యాప్‌టాప్ లోంచి తన గొంతు. ఒకటి... రెండు... మూడు. ఆగింది. ఎదురుచూస్తోంది. తనలాగే.

ఆమెకి అప్పుడు తెలిసింది. అక్కడ ముగ్గురూ ఎందుకు ఆగారో, ఇక్కడ ముగ్గురూ ఎందుకు రాలేదో.

పరుగున వెళ్ళి మూత ఎత్తింది. రెండక్షరాల పేరు కొట్టడానికి నాలుగుసార్లు తప్పింది. ఎందుకు మార్చారని గడి అడిగింది. 'తప్పు నాది' అని రాసింది. తెరమీద, మూల గడియారం ఆరున్నర చూపిస్తోంది.

"రా తల్లీ," అంది చిన్నగా. ఎవరితో అందో ఆమెకే తెలియదు. "వచ్చెయ్యి."

తలుపు మీద చప్పుడు ఆగింది. వాసన పోయింది.

ఏడింటికి వీధి మలుపులో మూడు గొడుగులు కనపడ్డాయి. చిన్నది రాగానే తువ్వాలు లాక్కుని, వాచ్‌మన్ గారూ ఆలస్యమైంది క్షమించాలి అంది గానీ, దాని పెదాలు నీలంగా ఉన్నాయి. ఏం జరిగిందో చెప్పింది వాళ్ళ నాన్నే, చొక్కా విప్పుతూ. వంతెన మీద ఎవరో అమ్మాయి బస్సుకి అడ్డంగా నిలబడింది. హారన్ కొట్టినా కదల్లేదు. దిగి దగ్గరికి వెళ్తే కనపడదు, బస్సెక్కి చూస్తే అక్కడే ఉంది. వంతెన అవతలి కొస కొట్టుకుపోయిందేమో, చెప్పడానికి నిలబడిందేమో అనుకున్నారట. కొస బాగానే ఉంది.

"ఆరున్నరకి తనంతట తనే పక్కకి తప్పుకుంది," అన్నాడు. "అంత వానలోనూ ఆ పిల్ల జుట్టు తడవలేదే."

పెద్దది తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి జాబితా తెరిచింది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా చదివింది. అరిచి గోల చేస్తుందనుకుంది తల్లి. చెయ్యలేదు.

"ఆరున్నరకి పేరు మళ్ళీ పెట్టింది నువ్వే కదా?"

"నేనే."

"మరి ఆరూ ముప్ఫై ఒకటికి?"

తల్లి తెర దగ్గరికి వంగింది. గువ్వ పేరు ఉంది. దాని కింద అయిదో వరస ఉంది. అందులో 'అమ్మ' అని ఉంది. మార్చింది గువ్వ. ఎందుకు మార్చారన్న గడిలో, 'ఈమె కూడా నడుస్తుంది' అని ఉంది.

పెద్దది ల్యాప్‌టాప్ ఆపేసి, వైరు పీకి, బీరువాలో పెట్టింది. నాన్నకీ చెల్లికీ చెప్పొద్దంది.

పొయ్యి వెలిగించి, ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకుంది. పెద్దది ఒకటి. చిన్నది రెండు. ఆయన మూడు. ముగ్గురూ క్షేమంగా ఇల్లు చేరారు. ఇంకోసారి లెక్కపెట్టింది. ముగ్గురూ ఉన్నారు.

అప్పుడు బీరువాలోంచి, చాలా మెల్లగా, తన గొంతే వినిపించింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు.

అక్కడ ఆగింది.

ఆమె ఇంట్లోనే ఉంది. గడపకి లోపలే నిలబడి ఉంది. అయినా ఆ గొంతు ఆగే ఉంది. ఇంకా ఎవరో రావాలన్నట్టు.