పొడి చెయ్యి

పూర్వం నీలగంధి అనే రాజ్యంలో మనుషులు ఉన్నట్టుండి మాయమైపోసాగారు. పొలానికి వెళ్ళినవాడు పొలంలో ఉండడు, నీళ్ళకు వెళ్ళినామె రేవులో ఉండదు. వాళ్ళను ఎత్తుకుపోయేది కపటకేతుడనే మాంత్రికుడు. ఎర్రకొండల అవతల వాడు మట్టిబొమ్మల సైన్యం తయారుచేస్తున్నాడు. మట్టి తొక్కడానికి వాడికి మనుషులు కావాలి. తన కాళ్ళకు మట్టి అంటడం మాత్రం ఆ మహానుభావుడికి గిట్టదు.

బందీలను విడిచిపెట్టమని ఉదయవర్మ మహారాజు కబురు పెడితే, వాడు ఒక చిలుకతో జవాబు పంపాడు. వచ్చినవాళ్ళ ముందు వాళ్ళ మనిషి రూపంలోనే ఏడుగురిని నిలబెడతాడట. అసలు మనిషిని గుర్తిస్తే బందీలందరినీ వదిలేస్తాడట. గుర్తించలేకపోతే వచ్చినవాళ్ళూ మట్టిబొమ్మలైపోవాలట. పందెం మాట తప్పితే వాడి మంత్రశక్తి నశిస్తుంది గనక అందులో మోసం లేదు. అయినా వెళ్ళిన వీరుల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. అసలు మనిషికి తెలిసినవన్నీ ఆ బొమ్మలకూ తెలుసు మరి.

ఒక ఉదయం కుమ్మరి నాంచారమ్మ మట్టి తవ్వడానికి వెళ్ళి రెండు రోజులైనా ఇంటికి రాలేదు. ఆమె కూతురు చెంగల్వకు పన్నెండేళ్ళు. తండ్రి లేడు, తోబుట్టువులు లేరు; ఆ పిల్లకు లోకమంతా తల్లే. రెండు జొన్నరొట్టెలు మూటకట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకుని, ఎర్రకొండల దారి పట్టింది.

ఆమె దగ్గర కత్తి లేదు, మంత్రం లేదు. తల్లి నేర్పిన విద్య ఒకటి ఉంది. కుండ మంచిదో కాదో తెలియాలంటే వేలి కణుపుతో కొట్టి వినాలి. గట్టి కుండ ఖంగుమంటుంది, బీటవారినది బొదబొదమంటుంది. మనిషి మాటా అంతేనని నాంచారమ్మ అనేది.

"అడక్కుండానే ఒట్లు పెట్టేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండవే. నోరు ఒకటి చెబుతుంటే కాళ్ళూ చేతులూ ఏం చెబుతున్నాయో చూడు. కానీ తొందరపడకు. తడికుండ కూడా బొదబొదమంటుంది. దాన్ని ఆరనిచ్చి మళ్ళీ కొట్టాలి."

ఇంత తెలిసిన నాంచారమ్మకు అబద్ధమాడటం మాత్రం బొత్తిగా చేతకాదు. వానాకాలంలో కుండలు కాల్చే ఆవం మండక, అమ్మడానికి కుండల్లేక, ఇంట్లో ఒక్కరికి సరిపడా గంజే ఉన్న రోజుల్లో "నేను తిన్నానులే" అనేది. అంటూనే, కడగని పొడి చేతిని కొంగుతో తుడుచుకునేది. చెంగల్వకు ఆ సంగతి తెలుసు. తెలిసిన నాటినుంచీ గంజి చెరిసగం తాగితేగాని ఊరుకునేది కాదు.

అడవి మొదట్లో దారి రెండుగా చీలింది. అక్కడ పొడుగాటి గడ్డంతో ఒక ముని కూర్చుని ఉన్నాడు. చెంగల్వ నమస్కరించి దారి అడిగింది. ఆయన ఎడమ దారి చూపించి, అదే మంచిదని దేవుడి మీద ఒట్టు పెట్టాడు, గురువు మీద పెట్టాడు, చివరికి గడ్డం మీద కూడా పెట్టాడు. ఆమె ఒక్క ఒట్టూ అడగలేదు. కిందికి చూస్తే, ఆయన పాదాలు రెండూ కుడి దారికి అడ్డంగా జరుగుతున్నాయి.

"మీ పాదాలకు దండం స్వామీ, అవే నాకు దారి చెప్పాయి" అని ఆమె కుడివైపు నడిచింది. ముని వేషంలో ఉన్న మాంత్రికుడి కావలివాడు పళ్ళు నూరుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత ఏరు అడ్డొచ్చింది. ఒడ్డున ఒక మొసలి తియ్యగా పలకరించి, తన వీపెక్కితే దాటిస్తానంది. కడుపు నిండా చేపలు తిన్నానంది. ఎలాంటి చేపలని చెంగల్వ అడిగితే, ఒక లేడిని తిన్నానని చెప్పి గుటక మింగింది. చెంగల్వ నాలుగడుగులు వెనక్కి వేసింది.

పొదలో ఒక కుందేలు వణుకుతూ కనిపించింది. ఏరు దాటే చోటు ఎక్కడని అడిగితే, జంటరాళ్ళ దగ్గరని చెబుతూ దాని మాట తడబడింది, చూపు నిలవలేదు. ఇదీ అబద్ధమే అనుకుని చెంగల్వ వెనక్కి తిరగబోయింది. అంతలో తడికుండ గుర్తొచ్చింది. కుందేలును ఒళ్ళోకి తీసుకుని, ఒక రొట్టె తుంచి పెట్టి, వణుకు తగ్గేదాకా వీపు నిమిరింది.

"ఇప్పుడు చెప్పమ్మా. నేనేమీ అనను."

"పైన జంటరాళ్ళ దగ్గర మోకాలి లోతే అక్కా. ఆ మొసలి వింటుందని భయమేసింది" అంది కుందేలు.

మాట మారలేదు, గొంతు మాత్రం కుదురుకుంది. చెంగల్వ జంటరాళ్ళ దగ్గర ఏరు దాటింది.

ఆమె ఎర్రకొండలు దాటి వచ్చేసరికి కపటకేతుడు చూసి, వీరులంతా అయిపోయి ఇక పిల్లలు వస్తున్నారా అని వేళాకోళమాడాడు. చప్పట్లు కొట్టాడు. ఏడుగురు నాంచారమ్మలు వచ్చి వరసగా నిలబడ్డారు. అవే నెరిసిన జుట్టు, అదే చిరుగుల చీర, కాళ్ళకు అదే మట్టి. ఒకే ఒక్క ప్రశ్న అడగాలన్నాడు మాంత్రికుడు.

ఏం అడిగినా బొమ్మలకు తెలుసు. చెంగల్వ మూట విప్పి, మిగిలిన ఒక్క రొట్టెనూ చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, తిన్నావా?"

మొదటి ఆమె లేదంది. రెండో ఆమె రెండు రోజులుగా మెతుకు ముట్టలేదంది. అలా ఆరుగురూ ఆకలన్నారు. ఆరు గొంతులూ గట్టి కుండల్లా ఖంగుమన్నాయి. నాంచారమ్మ గురించి వాళ్ళు చెప్పింది నిజమే. కపటకేతుడు బందీలకు రెండు రోజులకొకసారి గాని తిండి పెట్టడు.

ఏడో ఆమె వైపు తిరిగి చెంగల్వ ఇంకా నోరు తెరవనేలేదు.

"నేను తిన్నానులే తల్లీ. అంత దూరం నడిచొచ్చావు, నువ్వు తిను."

ఆ మాట బొదబొదమంది. ఆమె కళ్ళు రొట్టె మీద ఒక్క క్షణం ఆగి పక్కకు తప్పుకున్నాయి. పొడి చెయ్యి కొంగు వెతుక్కుంది.

చెంగల్వ పరుగెత్తి ఆ చేతిని పట్టుకుంది. "ఈవిడొక్కతే అబద్ధం చెప్పింది. ఈవిడే మా అమ్మ" అంది.

ఆరు బొమ్మలూ కూలి మట్టికుప్పలయ్యాయి. కపటకేతుడు నిజం చెప్పే బొమ్మలను చెయ్యగలిగాడు గాని, తన ముద్ద ఇంకొకరికి పెట్టడం వాడికే తెలియదు, బొమ్మలకేం నేర్పుతాడు? పందెం ప్రకారం బందీలను విడిచిపెట్టాడు. బొమ్మలైన వీరులూ మళ్ళీ మనుషులయ్యారు. మట్టి తొక్కేవాళ్ళు లేక వాడి సైన్యం అంతటితో ఆగిపోయింది.

ఉదయవర్మ మహారాజు చెంగల్వను న్యాయసభలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వణుకుతూ వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, ఆ తర్వాతే రెండోసారి అడగాలన్నది ఆమె పెట్టిన మొదటి నియమం. ఆ రాజ్యంలో అది చాలాకాలం నిలిచింది.

తల్లీకూతుళ్ళు తిరిగొచ్చిన రోజు కోటలో విందు జరిగింది. చెంగల్వ విస్తరి ముందు కూర్చుంది. నాంచారమ్మ వెనకే నిలబడి, కూతురి విస్తట్లో నెయ్యి పడిందో లేదో చూసుకుంటూ, తన భోజనం అయిపోయిందని వడ్డించేవాళ్ళకు చెబుతోంది.

చెంగల్వ వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి చాపింది.

"ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వమ్మా."

నాంచారమ్మ నవ్వేసి, కూతురి పక్కన కూర్చుంది. చెంగల్వ మొదటి ముద్ద కలిపి ఆ పొడి చేతిలో పెట్టింది.